వాచ్‌మెన్ ముఖం, పదిహేనో ఎక్కం

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని నవ్వాలంటే చాలా సరంజామా కావాల్సి వచ్చేది. టీవీ ఒక్కటే ఉంటే చాలదు, దాని పక్కన డీవీడీ ప్లేయరుండాలి, గీతలు పడని సీడీ దొరకాలి, కరెంటుండాలి, ఇవన్నీ కుదిరాక నవ్వు కూడా రావాలి. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళు చూసుకుని ఎవరి నవ్వు వాళ్ళు నవ్వుకుంటున్నారు గానీ, అప్పట్లో ఒక్క సీడీ పెడితే ఇల్లంతా వచ్చి కూర్చునేది. నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. కొత్తగా పెళ్ళయింది. జీతం చిన్నది, భయం పెద్దది. ఆ భయం పేరు మా మామ.

మామ నడిగూడెంలో డ్రిల్లు సారుగా చేసి, రిటైరయ్యాక కోదాడలో ఇల్లు కట్టుకున్నాడు. (ఆయన్ని పిల్లలు 'అటెన్షన్ సారు' అనేవాళ్ళట, ఆయన ముందు కాదు లెండి.) పెళ్ళిచూపుల్లో ఎవరైనా జీతం అడుగుతారు, పొలం అడుగుతారు. ఆయన ఒకే ప్రశ్న వేశాడు. "పొద్దుగాల ఎన్నింటికి లేస్తవ్?" నా నోట్లోంచి "ఐదింటికి" అని వచ్చేసింది. ఇంక చూడండి నా తిప్పలు. అత్తగారింట్లో ఉన్నన్నాళ్ళూ చీకటితోనే లేచి, ముఖం కడుక్కుని, ఏం చెయ్యాలో తోచక పెరట్లో నిలబడేవాణ్ణి. అప్పటికే ఆయన వరండాలో కుర్చీ వేసుకుని నిటారుగా కూర్చుని ఉండేవాడు. నాతో మాట్లాడేది మాత్రం రెండే ముక్కలు, వెళ్ళగానే "వచ్చినవా", తిరిగొచ్చేటప్పుడు "పోతున్నవా". ఆయన నవ్వగా చూసినవాళ్ళు అటువైపు బంధువుల్లోనే ఎవరూ లేరు. నేను ఆయనకు నచ్చానో లేదో నాకు తెలియదు, తెలుసుకునే దారీ కనపడలేదు. పగలూ రాత్రీ అదే బెంగ.

అంతలో మిర్యాలగూడ దవాఖానలో ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. మా ఆవిడ ముందే పుట్టింటికి వెళ్ళింది. ఆయన్ని ఇంటికి తెచ్చారని తెలిసి నేనూ బయల్దేరుతూ బాగా ఆలోచించాను. పళ్ళు అందరూ తెస్తారు. మంచాన పడ్డ మనిషికి కావలసింది కాలక్షేపం. స్నేహితుడి డీవీడీ ప్లేయరు అడిగి తీసుకుని, బస్టాండు దగ్గర కొట్లో కామెడీ సీడీలు ఏరుకుని (నవ్వుల సీన్లన్నీ ఒకచోట గుదిగుచ్చి అమ్మేవాళ్ళు), కోదాడ బస్సులో ఆ పెట్టెను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఈ దెబ్బతో మామ మనసు గెలిచినట్టేనని దారి పొడవునా మురిసిపోయాను.

గుమ్మంలోనే మరదలు ఎదురొచ్చి, "ఏంది బావా అది?" అంది. "కామెడీలు. మామయ్య మంచిగ నవ్వుకుంటడని తెచ్చిన" అన్నాను గొప్పగా. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి, నా చేతిలో సీడీల కట్ట చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నన్ను పక్కకు లాగింది. "డాక్టరు ఏం చెప్పిండో ఎరుకేనా? దగ్గొద్దు, తుమ్మొద్దు, నవ్వొద్దన్నడు. కుట్లు ఇంక పచ్చిగనే ఉన్నయ్. మీరేమో నవ్వుల మూట నెత్తినేసుకొని వచ్చిండ్రు."

గుట్టుగా వెనక్కి పట్టుకుపోదామనుకునేలోపే లోపలి గదిలోంచి రెండు చప్పట్లు వినిపించాయి. (గట్టిగా పిలవడానికి లేదు, విజిల్ ఊదడానికి అసలే లేదు, అందుకని చప్పట్లు.) "అల్లుడు ఏందో తెచ్చిండట గదా. పెట్టుమను" అన్నాడు మామ. "ఇప్పుడొద్దు, మానినంక సూద్దురు గాని" అంది అత్తమ్మ. "సూర్యాపేటకెల్లి గింత దూరం మోసుకొచ్చిండు. సూడకపోతె ఏం బాగుంటది?" అన్నాడాయన. కొత్తల్లుడు తెచ్చినదాన్ని వద్దనడం అత్తింటికి మర్యాద కాదు. తెచ్చినదాన్ని వెనక్కి తీసుకుపోవడం అల్లుడికి మర్యాద కాదు. ఈ రెండు మర్యాదల మధ్యా మామ పొట్ట ఇరుక్కుపోయింది.

ఆయన దిండు పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. నేను వైర్లు కలుపుతూ కరెంటు పోవాలని వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను. రోజూ ఆ వేళకు ఠంచనుగా పోయే కరెంటు ఆ రోజు పోలేదు. తెర మీద ఎవరో బురదలో పడ్డారు, ఎవరో ఎవరినో చీపురుతో తరిమారు. నేను అవేవీ చూడలేదు. మామ చొక్కా మీద, పొట్ట దగ్గరి బొత్తాం చూస్తున్నాను. అది కదిలిందంటే పరిగెత్తి స్విచ్చి కట్టెయ్యాలి. నవ్వు అంటుకుంటుందని ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మరదలు దుప్పటి అంచు కొరుక్కుంది. అత్తమ్మ నవ్వొచ్చినప్పుడల్లా వంటింట్లోకి పోయి, గిన్నెలు కాసేపు చప్పుడు చేసి మళ్ళీ వచ్చేది. మామ మాత్రం జెండా వందనం నాటి ముఖంతో కూర్చున్నాడు. బొత్తాం కదల్లేదు. మొదట ఊపిరి పీల్చుకున్నాను. రెండో సీడీకి వచ్చేసరికి ఇంకో భయం పట్టుకుంది. ఇంతకీ నవ్వలేదంటే నా మీద కోపమన్నమాట. పైగా ఆయన పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. నన్నే తిట్టుకుంటున్నాడని ఖాయం చేసుకున్నాను.

అత్తమ్మే పుణ్యం కట్టుకుంది. "ఇగ చాలుగని, నా సీరియల్ పెట్టుండ్రి. దాంట్ల నవ్వేదేం లేదు, అంత ఏడుపే" అంది. దవాఖానలో ఉండగా తప్పిపోయిన సీరియల్ని కేబులాయన చేత సీడీలోకి ఎక్కించి దాచుకుందావిడ. నేను సంతోషంగా ఆ సీడీ పెట్టాను. మామ కూడా దిండు పక్కన పెట్టి జారగిలబడ్డాడు. సీరియల్లో కోడలు కళ్ళు తిరిగి పడిపోయింది. ఉరుము ఉరిమింది, అత్తగారి ముఖం. మళ్ళీ ఉరుము, ఆడపడుచు ముఖం. మళ్ళీ ఉరుము, వంటమనిషి ముఖం. "ఏందే ఇది, హాజరు తీసుకుంటున్నరా?" అన్నాడు మామ. "జర ఊకోండ్రి" అంది అత్తమ్మ కళ్ళొత్తుకుంటూ. మరో ఉరుము ఉరిమి, నోరు తెరుచుకున్న వాచ్‌మెన్ ముఖం తెరంతా పరుచుకుంది.

"వీడు గేటు కాడ ఉండాలె గదా. గీడికెందుకొచ్చిండు?" అన్నాడు మామ. బొత్తాం కదిలింది.

పాత మోటారు స్టార్టయినట్టు ముందు గొంతులో గురగుర, తర్వాత భుజాలు, తర్వాత మంచం. "అబ్బా" అని పొట్ట పట్టుకుంటాడు, "గేటు" అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. నేను స్విచ్చి కట్టేసినా ఆ నవ్వు ఆగలేదు. పక్కింటాయన కారులో మిర్యాలగూడకు బయల్దేరాం. హుజూర్‌నగర్ దాకా రోడ్డంతా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా నేను నా పొట్ట పట్టుకున్నాను. మామను నవ్వించి చంపిన అల్లుడన్న పేరు వస్తే ఈ జిల్లాలో ఎలా బతకాలా అని ఏడుపొచ్చింది. మధ్యమధ్యలో వాచ్‌మెన్ గుర్తొచ్చి ఆయన భుజాలు కదిలేవి. "బయటికి సూడుండ్రి, వరి పొలాలు సూడుండ్రి" అని అత్తమ్మ బతిమాలేది.

డాక్టరు చూసి, కుట్లకేమీ కాలేదన్నాడు. ఏం కామెడీ చూశారని అడిగితే అత్తమ్మ తల దించుకుంది. నేను బయట బెంచీ మీద కూలబడ్డాను. మామ మెల్లగా నడిచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నీ సీడీలు మంచిగున్నయ్" అన్నాడు.

"మీరు నవ్వలే గదా మామయ్యా."

"నవ్వొద్దన్నరు గదా. లోపల పదిహేనో ఎక్కం సదువుకుంట కూసున్న. నవ్వొచ్చినప్పుడల్ల మళ్ళ మొదటికెల్లి. సీరియలే గదా, ఏమయితదిలే అని ఎక్కం ఇడిసిపెట్టిన." నా వైపు తిరిగి అడిగాడు. "నిజం చెప్పు, నువ్వు ఐదింటికి లేస్తవా?"

"లేదు మామయ్యా. ఏడింటికి."

"రిటైరయినంక నాది గూడ ఏడే. నువ్వొచ్చినప్పుడే ఐదింటికి లేస్తున్న."

ఆ తర్వాత మేమిద్దరం ఏడింటిదాకా హాయిగా పడుకున్నాం, చాలా ఏళ్ళు. ఆయన పోయిన పదోనాడు కోదాడ ఇంటి ముందు కూర్చుని ఉన్నాను. బంధువులు గేటులోంచి ఒక్కొక్కరే ముఖాలు వేలాడేసుకుని వస్తుంటే, చెవి దగ్గర ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది, "హాజరు తీసుకుంటున్నరా?" గొంతులో నవ్వు గురగురమంది. అంతమందిలో పరువు పోయేలా ఉంది. గబగబా అందుకున్నాను, పదిహేనొకట్ల పదిహేను, పదిహేను రెండ్లు ముప్పై. కదులుతున్న నా పెదవులు చూసి, దేవుణ్ణి తలుచుకుంటున్నాననుకుని మా ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది. నవ్వు ఆగిపోయింది. మామ చెప్పిన మందు నవ్వుకు బాగానే పనిచేసింది గానీ, ఆ వెనకే వచ్చిన ఏడుపుకు మాత్రం చెయ్యలేదు.