సగంలో ఆపేసిన అప్‌డేట్

నాగర్‌కర్నూల్‌లో నేను పనిచేసే చిన్న గ్రంథాలయంలో చదువరుల కోసం మూడు కంప్యూటర్లు ఉన్నాయి. ఎవరో వాడి వదిలేసినవి మాకు వచ్చాయి. వాటిలో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది వనపర్తి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన ఒక లెక్చరర్. ఇప్పుడు గద్వాలలో ఉంటున్నారు. ఆరోజు ఆయన వెళ్తూ ఒక రెండొందల పేజీల నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. మొదటి ఎనిమిది పేజీల్లో ఏ కమాండ్ ఎందుకో రాసిపెట్టారు, మిగిలినవన్నీ ఖాళీ. "ఖాళీ పేజీలు నీకమ్మా. ఏమన్న అయితే రాసుకో" అన్నారు. చాలాకాలం నేను అందులో ఒక్క అక్షరం రాయలేదు. రాయాల్సినంత పని ఎప్పుడూ పడలేదనుకున్నాను.

మన్ననూర్ నుంచి ఒకాయన మొదటిసారి వచ్చింది ఒక బుధవారం పొద్దున. యాభై దాటిన మనిషి, అటవీ శాఖలో వాచర్ పని. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"మేడమ్, గీ కాయితం మీద ఉన్నది జర తెరిసి సూపియ్యుండ్రి. మా అమ్మ గొంతు దీంట్ల ఉన్నదంట."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. ఇరవై ఏళ్ల కింద ఒక విశ్వవిద్యాలయం వాళ్లు అడవిలోని పెంటలకు, అంటే చిన్న గూడేలకు తిరిగి, చెంచుల పాటలు, మాటలు రికార్డు చేసుకుపోయారు. వాళ్లమ్మ దగ్గర కూడా కూర్చున్నారు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఒక ఫోటో కూడా లేదు. ఈమధ్య ఊరికి వచ్చిన ఒక పరిశోధకురాలు ఆ రికార్డులన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారని చెప్పి, అడ్రసు రాసిచ్చింది. అయితే ఆ పాటలను అందరికీ తెరిచి ఉంచలేదు. అనుమతి ఇచ్చిన కొన్ని గ్రంథాలయాల కంప్యూటర్లలోనే వినిపిస్తాయి. మా గ్రంథాలయం ఆ జాబితాలో ఉందని నాకే అప్పటిదాకా గుర్తు లేదు.

కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చున్నాం. అడ్రసు కొట్టాను. పేజీ వచ్చింది. వరసగా పేర్లు, ఊళ్లు. ఒక వరస దగ్గర వాళ్లమ్మ పేరు చదివి వినిపించగానే ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. దాని మీద నొక్కాను. తెర ఒక్క క్షణం తెల్లబడి బ్రౌజర్ మొత్తం మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. పక్క కంప్యూటర్‌లో చూశాను, ఆ పక్కదాంట్లోనూ చూశాను. నా ఫోన్‌లో కొడితే అనుమతి లేదని వచ్చింది.

"ఆ సైట్ బాగలేదన్నా, వాళ్లు సరిచేసుకోవాలె. వచ్చే వారం రా, చూద్దాం" అన్నాను.

"సరే మేడమ్" అని కాగితం మళ్లీ అదే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. అచ్చంపేట మీదుగా రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. ఒక్క మాట ఎదురు అనలేదు. ఆయన మెట్లు దిగి వెళ్లాక నాకు నా మాటే గుచ్చుకుంది. ఆ సైట్ బాగలేదని నాకేం తెలుసు? నాకు తెలియదని చెప్పడానికి బదులు తప్పు ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల మీదికి నెట్టేశాను. కౌంటర్ వెనక కూర్చున్న మాకు ఇది అలవాటు. సర్వర్ డౌన్ అంటాం, వచ్చినవాళ్లు వెళ్లిపోతారు.

మధ్యాహ్నం గద్వాలకు ఫోన్ చేశాను.

"బొమ్మ మీద నొక్కి తెరుస్తున్నవా?" అన్నారు లెక్చరర్ గారు.

"అవును సార్."

"గట్ల తెరిస్తే అది సచ్చిపోయేటప్పుడు ఏం చెప్పిందో నీకు తెల్వదు. నల్ల తెర తెరువు. దాంట్ల బ్రౌజర్ పేరు కొట్టి అక్కడినుంచి నడుపు. మూసుకపోయినంక ఆ తెర మీద ఏం మిగులుతదో సదువు నాకు."

ఆయన నల్ల తెర అనేది కమాండ్లు కొట్టే టెర్మినల్‌ను. అందులోంచి బ్రౌజర్‌ను నడిపి, ఆ పేజీకి వెళ్లి, ఆ పేరు మీద నొక్కాను. బ్రౌజర్ పోయింది. నల్ల తెర నిండా ఇంగ్లిషు వరసలు మిగిలాయి. చిట్టచివర "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని ఉంది. అదే దొరికిందన్న సంబరంతో చదివాను.

"అది సచ్చిపోయిందన్న మాట మాత్రమేనమ్మా. ఎందుకు సచ్చిందో పైన ఉంటది. పైకి పో."

పైన ఉన్నవి నాకు అర్థం కాలేదు. ఆయన తొందరపెట్టలేదు. ఒక్కొక్కటే తీసేసి చూద్దామన్నారు. మొదట అదనంగా తగిలించిన హంగులేవీ లేకుండా సేఫ్ మోడ్‌లో తెరిచాం. పోయింది. తర్వాత పాత సెట్టింగులేవీ అంటకుండా కొత్త ప్రొఫైల్ పెట్టి తెరిచాం. అదీ పోయింది. గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకోవద్దని చెప్పి తెరిస్తే ఈసారి పేజీ నిలబడింది. వాళ్లమ్మ పేరు కింద చిన్న త్రికోణం గుర్తు కనిపించింది. నొక్కాను. సగం అక్షరమంత శబ్దం వచ్చి, ఆగి, మూసుకుపోయింది.

ఆ సగం అక్షరం "ఓ" అనో "హో" అనో అనిపించింది.

"శబ్దం కాడ పోతున్నది" అన్నారు ఆయన. "ఇప్పుడు పై వరసల్ల ఆడియో అనో మీడియా అనో ఉన్నదేమో ఎతుకు."

ఉంది. శబ్దాన్ని విప్పి వినిపించే ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పేరు, దాని పక్కన వెర్షన్ కుదరడం లేదన్న మాట. ఆయన ఆ వరసను ఇంకోసారి చదివించుకున్నారు. తర్వాత, "ఎప్పుడన్న అప్‌డేట్ నడుస్తుంటె మధ్యల ఆపినవా?" అని అడిగారు.

లేదని చెప్పబోయి ఆగిపోయాను. గుర్తొచ్చింది. రెండేళ్ల కిందటి ఒక సాయంత్రం, మూసే వేళయింది. మూడు కంప్యూటర్ల మీదా అప్‌డేట్ నడుస్తోంది, గీత సగం కూడా నిండలేదు. నాకు వనపర్తి బస్సు తప్పిపోతుందన్న ఆత్రం. గోడ దగ్గర మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లిపోయాను. మర్నాడు అన్నీ మామూలుగానే తెరుచుకున్నాయి. ఆ తర్వాత అప్‌డేట్ గుర్తు వచ్చిన ప్రతిసారీ "ఇప్పుడు కాదు" అని నొక్కుతూ వచ్చాను. బ్రౌజర్ పాతదిగా మిగిలింది, దాని కింద ఉండాల్సిన కొన్ని భాగాలు కొత్తవయ్యాయి, కొన్ని సగం విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. హాల్ టికెట్లు తీసుకునేవాళ్లకు, నోటిఫికేషన్లు చూసుకునేవాళ్లకు శబ్దంతో పని లేదు. అందుకే రెండేళ్లూ ఎవరికీ తెలియలేదు.

ఇదంతా ఆయనకు చెప్పాను. తిడతారనుకున్నాను.

"చానమంది చేస్తరమ్మా" అన్నారు. "ఇప్పుడు ఇంకో సంగతి. మీ లైనక్స్ కాలం అయిపోయింది. దానికి కొత్త బ్రౌజర్ ఇయ్యరు. సగంల ఆగినయి ముందు సరిచేసి, మొత్తం సిస్టమ్‌నే పైమెట్టు ఎక్కియ్యాలె. మూడింటినీ ఒక్కసారి ముట్టకు. ఒకటి చెయ్యి. చేసే ముందు దాంట్ల ఉన్నదంతా పెన్ డ్రైవ్‌ల వేసుకో."

తర్వాతి బుధవారం మన్ననూర్ ఆయన వచ్చేసరికి కిటికీ పక్క కంప్యూటర్ మీద కాపీ నడుస్తోంది. పిల్లలు దాచుకున్న దరఖాస్తులు, ఫోటోలు, ఎవరెవరివో పాత మార్కుల మెమోలు. ఆయన్ని కూర్చోబెట్టి, "అన్నా, పోయినసారి సైట్ బాగలేదని చెప్పిన. అది తప్పు. మా కంప్యూటర్ బాగలేదు. అది కూడా నేను చేసిన పని వల్లనే" అన్నాను.

ఆయన తెర వైపు చూశాడు. "మరి అయితదా?"

"అయితదనుకుంటున్న. ఖాయంగ చెప్పలేను."

"అయితే మంచిదే. కాకపోయినా ఏం చేస్తం" అన్నాడు. తర్వాత, "ఇంతసేపు ఏం చేస్తుందది?" అని అడిగాడు. ఉన్నవన్నీ ఇంకో చోట దాస్తోందని చెప్పాను. ఆయనతో ఏదన్నా మాట్లాడాలని, మీ వాచర్లు పులి అడుగులు చూసి అది ఎటు పోయిందో చెప్పేస్తారట కదా, అదెట్లా అని అడిగాను. లోపల ఎక్కడో, అడుగులు చదవడానికీ నేను టెర్మినల్ వరసలు చదవడానికీ పోలికగా ఒక పెద్ద మాట ఆయన నోటి నుంచి వస్తుందని ఆశ.

"ఇప్పుడు అడుగులు ఎవరు సూస్తుండ్రు మేడమ్. చెట్లకు కెమెరాలు కట్టిండ్రు. మేం పోయి వాటి కార్డులు మార్చుకొస్తం. కార్డు తిర్గమర్గ పెడితే మల్ల తిట్లు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. వెళ్లేటప్పుడు ఆయన ఊళ్లోని కిరాణా కొట్టు ఫోన్ నంబరు తీసుకున్నాను. పని అయ్యాకే కబురు చేస్తానని, అంతదాకా రావద్దని చెప్పాను.

అప్‌గ్రేడ్‌కు ఒక సెలవు రోజు కేటాయించుకున్నాను. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను. మొదట సగంలో ఆగినవాటిని పూర్తి చేసే కమాండ్. అది నోటుబుక్కు మూడో పేజీలోనే ఉంది, నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్క పేరే తెర మీద పైకి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. తర్వాత అసలు అప్‌గ్రేడ్. మా నెట్‌కు అది కొండంత బరువు. మధ్యలో ఒకసారి ఆగి, పాత సెట్టింగ్ ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అడిగింది. ఏ ఫైలు గురించి అడుగుతోందో తెలియక గద్వాలకు ఫోన్ చేస్తే, "నువ్వు దాన్ని ఎన్నడన్న మార్చినవా?" అన్నారు ఆయన. లేదన్నాను. "అయితే కొత్తది పెట్టు." నోటుబుక్కులో మొదటిసారి ఆ మాట రాశాను.

మూడు దాటాక అయిపోయిందని చెప్పి, రీస్టార్ట్ చేయమంది. చేశాను. తెర నల్లగా వచ్చింది, ఎడమ మూలన ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అంతే. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉన్నదాన్ని కూడా చెడగొట్టాననిపించింది. అసలు కదిలించకుండా వదిలేసి ఉంటే కనీసం హాల్ టికెట్లైనా వచ్చేవి. భయపడి ముట్టుకోనంతకాలం నాకు నేను జాగ్రత్తగల మనిషిని అనుకున్నాను. నిజానికి ఆ రెండేళ్లూ నేను చేసింది జాగ్రత్త కాదు, చూడకపోవడం. ఆ నల్ల తెర ముందు కూర్చున్నప్పుడు అది నాకు బాగా తెలిసింది. అయితే తెలిసినందువల్ల తెర ఏమీ వెలగలేదు.

"సిస్టమ్‌ను నడిపే పాత కెర్నల్ ఉంటదమ్మా, తీసెయ్యదు" అన్నారు లెక్చరర్ గారు ఫోన్లో. "ఆపి మళ్ల పెట్టు. మొదట్లనే మెనూ వస్తది. దాంట్ల పాతది ఎంచుకో."

మెనూ రెండుసార్లు నా వేలి కంటే ముందే వెళ్లిపోయింది. మూడోసారి పట్టుకున్నాను. పాతది ఎంచుకోగానే, ఏమీ జరగనట్టు కంప్యూటర్ తెరుచుకుంది. తర్వాత కొత్త కెర్నల్‌కు కావాల్సిన గ్రాఫిక్స్ డ్రైవర్ ఆయన చెప్పినట్టు వేస్తే అదీ దారికొచ్చింది. కొత్త బ్రౌజర్ గుర్తులన్నీ అటూ ఇటూ మారి ఉన్నాయి. ఆ పేజీకి వెళ్లాను. పేరు మీద నొక్కాను. నిలబడింది. త్రికోణం కనిపించింది. నేను నొక్కలేదు. అది ముందుగా వినాల్సింది నేను కాదనిపించింది. అందుకు బదులు వేరే ఊరి వరసలో ఎవరిదో ఒక మాటల రికార్డు పెట్టి, శబ్దం వస్తోందని చూసుకుని, కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి ఇంటికి వెళ్లాను.

కిరాణా కొట్టుకు కబురు చేసిన మూడో రోజు ఆయన వాళ్ల అక్కను తీసుకుని వచ్చాడు. ఆమె నడుము కొంచెం వంగిన మనిషి. కుర్చీలో కూర్చోనంది, నిలబడే ఉంటానంది. నేను ఇయర్‌ఫోన్ ఇస్తే ఆయన చేతిలో తిప్పి చూసి, "ఇది నా చెవిల పెట్టుకుంటే మా అక్క ఎట్ల వింటది?" అన్నాడు. హాల్లో పరీక్షలకు చదువుకునేవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. కొంచెంసేపు చప్పుడు అవుతుందని వాళ్లకు చెప్పి స్పీకర్ పెట్టాను.

ముందు ఎవరిదో మగ గొంతు, పాడమ్మా అంటోంది. తర్వాత ఆమె. సన్నటి గొంతు కాదు, దూరానికి వినిపించాలని ఎత్తిన గొంతు. నాలుగు నిమిషాలుంటుంది. మధ్యలో ఒకచోట ఆగి దగ్గింది, ఎవరినో ఏదో అని నవ్వింది, మళ్లీ ఎత్తుకుంది. ఆయన తల దించుకుని విన్నాడు. అక్క మాత్రం స్పీకర్ వైపే చూస్తూ ఉంది. చదువుకునేవాళ్లు పెన్నులు పక్కన పెట్టారు.

అయిపోయాక అక్క అంది, "ఆ దగ్గు కాడ మళ్ల పెట్టు బిడ్డా."

పెట్టాను. పాట కంటే ఆ దగ్గు, ఆ నవ్వు ఆమెకు కావాలి. మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి ఆ నవ్వుతో పాటు తనూ చిన్నగా నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆయన, "కింద ఏం రాసిండ్రు?" అని అడిగాడు. చదివాను. జోలపాట అని ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "జోలపాటనా?" అంది అక్క. "ఎవరు చెప్పిండ్రు? ఇది తేనెకు పోయినప్పుడు పాడేది. మొగోడు తాడు మీద ఏలాడుతుంటె కిందినుంచి ఆడది పాడుతది. ఆడు మనాదిల పడి భయపడకుండ, చెయ్యి ఇడవకుండ. ఇది ఇని నిద్రపోతే కిందపడి సస్తడు."

హాల్లో ఎవరో పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాని వెంటనే, "అది తప్పని రాయి బిడ్డా. మా అమ్మ పేరు మీద ఉన్నది కదా" అంది.

వాళ్ల ముందే కూర్చుని ఆ విశ్వవిద్యాలయానికి మెయిల్ రాశాను. ఒక్కో వాక్యం చదివి వినిపించాను. తేనె కోసం వాళ్లు తాళ్లు కట్టే కొండ పేరు ఎట్లా రాయాలో ఆమె రెండుసార్లు పలికి చెప్పింది. ఈ పాట ఒక కాపీ వాళ్ల ఊరికి ఇవ్వడానికి వీలవుతుందా అని చివర్లో అడిగాను. నెల దాటాక జవాబు వచ్చింది. జోలపాట అన్న మాట తీసేసి, తేనె తీసేటప్పటి పాట అని ఆమె చెప్పినట్టే మార్చారు. కాపీ సంగతి కమిటీ ముందు పెడతామన్నారు. అది ఇంకా రాలేదు. నేను రెండుసార్లు గుర్తుచేశాను, మళ్లీ చేస్తాను.

మిగిలిన రెండు కంప్యూటర్లలో ఒకటి అప్‌గ్రేడ్ అయింది, రెండోది ఎంత చేసినా లేవలేదు. దాని డిస్కే పోయిందని లెక్చరర్ గారు తేల్చారు. దాన్ని విప్పి పక్కన పెట్టాం. ఆ అక్కాతమ్ముళ్లు రెండు మూడు నెలలకోసారి వస్తారు. వచ్చినప్పుడల్లా ఊళ్లోంచి ఇంకొకరిని వెంట తెస్తారు. పోయినసారి వచ్చిన ముసలాయన తన పెదనాన్న గొంతు కోసం వరసలన్నీ వెతికించాడు. దొరకలేదు. అయినా ముగ్గురూ ఆ తేనె పాట విని, మంచినీళ్లు తాగి, నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయారు.