పెన్సిలు గీతల దగ్గర ఆగిన సన్మాన పత్రం

“టీచరు గారు లేరండి,” అన్నారు ఫోన్లో ఆవిడ భర్త.

“ఎక్కడికెళ్ళేరండీ? ఎప్పటికొస్తారు? పత్రంలో మాటలు సరిచేశాను, పట్టుకొస్తున్నాను,” అన్నాను నేను, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే.

“లేరండి మాస్టారూ... పోయేరు. పొద్దున్నే కాఫీ కలుపుతూ అలా కూలబడిపోయేరండి.”

ఆ మాట నాకింకా బుర్రకెక్కలేదు. ముందు రోజు సాయంత్రమే కదా, వాళ్ళ వరండాలో కూర్చోబెట్టి నా రాతని చీల్చి చెండాడారు!

అమలాపురంలో మేమిద్దరం ఒకే హైస్కూల్లో పనిచేశాం. ఆవిడ డ్రాయింగు, నేను తెలుగు. రిటైరయ్యాక మా పేట లైబ్రరీ తరఫున ఎవరికి సన్మానం చేసినా పత్రంలో మాటలు నావి, బొమ్మలు ఆవిడవి. మీలో ఎవరింట్లోనైనా అలాంటి పత్రం గోడకి వేలాడుతుంటే, ఒకసారి దగ్గరగా వెళ్ళి చూడండి.

కంప్యూటర్లో పువ్వుల అంచు పెట్టి ప్రింటు తీసే పత్రాలంటే ఆవిడకి గిట్టేది కాదు. చిన్నప్పుడెప్పుడో చర్చి ఫాదర్ గారు ఓ పుస్తకం చూపించారట. వందల ఏళ్ళ కిందట విదేశీ మఠాల్లో సన్యాసులు చేత్తో రాసిన గ్రంథాల బొమ్మలు అందులో ఉన్నాయట. పేజీలో మొదటి అక్షరం అరచేయంత ఉంటుంది. దాని ఒంట్లోంచి తీగలు పుట్టి అంచు చుట్టూ అల్లుకుంటాయి. నడుమ బంగారం మెరుస్తుంది.

“మన ‘శ్రీ’కి అంతకన్నా వంపులున్నాయి కదండీ! ఊరుకుంటామా?” అనేవారు. ఆవిడ ‘శ్రీ’ వంపుల్లో వరి కంకులు వాలేవి, కొబ్బరి మట్ట మీద లకుముకి పిట్ట కూర్చునేది.

బంగారు రేకు అతికించే రోజు ఇంట్లో ఫ్యాను తిరగడానికి వీల్లేదు. జిగురు రాసిన చోటికి వంగి, నోటి ఆవిరి వదిలేవారు. ఆ తడికి మెత్తబడితేనే రేకు పట్టుకుంటుంది. “మీరు మాత్రం ఊపిరి తియ్యకండి మాస్టారూ, ఎగిరిపోద్ది,” అనేవారు. ఆయ్ అనడానిక్కూడా భయపడి తల ఊపేవాణ్ణి.

ఆఖరి పత్రం ఒక నర్సమ్మ గారిది. గోదావరి లంకల్లో ఏళ్ళ తరబడి పురుళ్ళు పోసిన మనిషి. నేను ‘సేవామూర్తి, కరుణామయి, త్యాగశీలి’ అంటూ రాసుకుపోయాను. టీచరు గారు కళ్ళజోడు పైకి నెట్టి చదివారు.

“కరుణామయికి ఏం బొమ్మ వెయ్యమంటారండీ?”

నేను నా కాగితంలోకి మళ్ళీ తొంగి చూశాను.

“ఆవిడ ఏం చేసేరో రాయండి. వరద నీళ్ళలో సంచీ నెత్తిన పెట్టుకుని వెళ్ళేరని రాస్తే ఆ సంచీ వేస్తాను. లాంతరు వెలుగులో పురుడు పోసేరంటే లాంతరు వేస్తాను. వట్టి పొగడ్తకి నా దగ్గర రంగు లేదండి బాబూ!”

ఇవాళ నా తెలుగు కాస్త తేలికపడిందంటే అది ఆవిడ చలవే.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో పడుకోబెట్టారు. వేళ్ళ సందుల్లో బంగారు రజను అలాగే ఉంది. ఆ పక్కనే బల్ల మీద, పల్చటి కాగితం కింద పత్రం. ‘శ్రీ’ పూర్తయింది. రాత్రంతా మేలుకుని వేసినట్టున్నారు, సంచీ, లాంతరు కూడా పూర్తయ్యాయి. కుడి అంచు పొడుగునా ఉయ్యాలలు గీశారు. పైవాటికి రంగు పడింది, కిందివన్నీ పెన్సిలు గీతలే. ఎవరో ఫ్యాను వేసి ఉంచారు. కాగితం రెపరెపలాడుతుంటే ఫ్యాను ఆపుదామని లేచి, ఏం చేస్తున్నానో తెలిసి మళ్ళీ కూర్చుండిపోయాను.

“ఇంత జరిగేక నాకు సన్మానమేంటండీ, వద్దు,” అన్నారు నర్సమ్మ గారు. టీచరు గారి భర్తే ఆవిడకి ఫోన్ చేసి ఒప్పించారు. మిగిలిన ఉయ్యాలలకి వేరెవరి చేతనైనా రంగు వేయించమంటారా అని నేనడిగితే, ఆయన తల అడ్డంగా ఊపారు.

“వద్దండి. ఆవిడ చెయ్యి ఎక్కడి దాకా వెళ్ళిందో అక్కడి దాకా చాలు.”

నడుమ మాటలు నా చేత్తోనే రాశాను. లైబ్రరీ హాల్లో సభ చిన్నగా జరిగింది. పత్రం చేతికివ్వగానే నర్సమ్మ గారు తన పేరు చదువుకోలేదు. రంగు లేని ఉయ్యాలల మీద వేలు ఆనించకుండా, గాల్లోనే పైనుంచి కిందికి పోనిచ్చారు.

“ఈవిణ్ణి నేనొక్కసారైనా చూళ్ళేదండీ,” అన్నారు.

సాయంత్రం ఆవిణ్ణి సాగనంపడానికి రేవు దాకా వెళ్ళాను. సన్నగా తుంపర మొదలైంది. పడవలో కూర్చున్నాక ఆవిడ, మేము కప్పిన శాలువా భుజాల మీంచి తీసి, పత్రానికి పైనుంచి కింది దాకా చుట్టి, ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు. పడవ కదిలింది. ఏటిగాలికి శాలువా చెంగు లేస్తోంది. దాన్ని అరచేత్తో మెల్లగా అదిమి పట్టుకుని, ఆవిడ అవతలి ఒడ్డు దాకా అలాగే కూర్చున్నారు.