పడవ అడుగున పెట్టిన పంపు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అదెంతో చెప్పలేను. కొలతలూ లెక్కలే బతుకైన నాకు ఆ మాట రాయడమే నామోషీగా ఉంది. మా ఆవిడకు ఇది తెలియదు. నాతో పనిచేసినవాళ్లకూ తెలియదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఐరాల పక్క పల్లె. చదువు పదో తరగతితో ఆగింది. తిరుపతిలో మోటార్లు చుట్టే అంగట్లో చేరి బోర్లలో పంపులు దించడం నేర్చుకున్నాను. ఎంత లోతుకు ఎంత మోటారు కావాలి, ఏ పైపు వేస్తే నీళ్లు ఎంత జోరుగా పడతాయి, ఇవన్నీ నాకు నేనే కాగితం మీద కట్టుకున్న లెక్కలు. అవి తప్పేవి కావు. జనం నమ్మారు. నేను వాళ్లకంటే ఎక్కువ నమ్మాను.

ఆ పేరు విని సూళ్లూరుపేట నుంచి ఒకాయన వచ్చాడు. ఇనుప సామాన్ల వ్యాపారి. పులికాట్ సరస్సులో యాత్రికుల్ని తిప్పే పడవలు ఆయనకు రెండు ఉన్నాయి. వాటికి బిగించినవి పాత కారు ఇంజన్లు, పెట్రోలువి. ఎండలు ముదిరితే నీళ్ల మధ్యలో ఇంజను ఆగిపోతోందని ఆయన గోడు. తడ దగ్గరి రేవుకు వెళ్లి చూశాను. టాంకు పడవ వెనక ఉంది, ఇంజను మధ్యలో ఉంది. ఇంజను మీదున్న చిన్న పంపు అంత దూరం నుంచి పెట్రోలును లాగాలి. ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోంది. టాంకు దగ్గర ఒక కరెంటు పంపు పెట్టి, అక్కణ్నుంచి ఇంజనుకు తోయిస్తే ఆ బాధ తీరుతుంది.

ఎక్కడ పెట్టాలి? అంతా అక్కడే ఉంది.

పడవ పక్కగోడకు పైన, గాలి ఆడే చోట పెట్టొచ్చు. అలా పెడితే పంపు కాస్త లాగాల్సి వస్తుంది. లేదంటే కాళ్ల కింది చెక్కలెత్తి, పడవ అడుగున, టాంకు కన్నా దిగువన పెట్టొచ్చు. అప్పుడు లాగే పనే ఉండదు. బోర్లలో నేను నేర్చుకున్నదంతా అదే. పంపు ఎంత దిగువన ఉంటే అంత మేలు. లెక్క కట్టాను. కింద పెట్టాను. రెండు పడవలకూ అంతే, రెండూ కార్లకు వాడే పంపులే. తాళంచెవి తిప్పగానే ఇంజను కన్నా ముందే పంపు తిరిగేట్టు తీగ కలిపాను.

లెక్క తప్పలేదు. అది ఎంత బాగా కుదిరిందంటే, ఇంజను ఆపేసినా పెట్రోలు తనంతట తాను కిందికి వచ్చి పంపు దగ్గర నిలిచేది. పైపు అతుకులో సన్నటి సందు ఉంటే చాలు, అది కారుతూనే ఉంటుంది. బోరులో కారిన నీళ్లు మట్టిలో ఇంకిపోతాయి. కారు కింద కారితే రోడ్డు మీద పడి గాలికి ఆరిపోతుంది. పడవలో కారింది ఎక్కడికి పోతుంది? పడవంటే గిన్నె. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, పైకి లేచిపోదు, గిన్నె అడుగునే పేరుకుంటుంది. ఆ గిన్నె అడుగున, తిరగడం మొదలుపెడితే నిప్పురవ్వ పుట్టగల కరెంటు పంపును నా చేతులతో నేనే బిగించాను. ఇది నాకు తట్టలేదా? తట్టనివ్వలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మొదటి పడవ నడిపేది ఏకాంబరం. నా ఈడువాడే. పంపులు పెట్టాక ఇంకోసారి చూసిపోదామని వెళ్తే ఒడ్డునే ఎదురొచ్చాడు.

"ఏం మేస్త్రీ, పడవకి అత్తరు పూసిపోయినావా? ఒకటే వాసన."

"కొత్త రబ్బరు పైపులప్పా. నాలుగు దినాలు కొడతాది."

"నాలుగు దినాలు అయిపాయె. మా ఇంట్లోది ముక్కు మూసుకుంటాది, పెట్రోలు బంకులో ఏమన్నా కుదిరినావా అని!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. రబ్బరు వాసన, పెట్రోలు వాసన నాకు వేరువేరుగా తెలుసు. చెక్క ఎత్తి చూసుంటే సరిపోయేది. చూస్తే, పంపు చోటు మార్చాలని నలుగురి ముందూ నేనే చెప్పాల్సి వచ్చేది. మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను.

ఆ మళ్లీ రాలేదు.

తర్వాతి వారం ఒక పొద్దున, రేవులో పిల్లాపాపలతో జనం నిలబడి ఉన్నారు. పడవను ఒడ్డుకు చేరుద్దామని ఏకాంబరం ఒక్కడే ఎక్కాడు. రాత్రంతా పట్టా కప్పి ఉన్న పడవ అది. దబ్బుమని ఒక్క చప్పుడు వచ్చిందట. కాళ్ల కింది చెక్కలు లేచిపోయాయట. కాలుతూనే నీళ్లలోకి దూకాడట. ఇంకాసేపు ఆగి ఉంటే ఆ పిల్లలందరూ పడవలో కూర్చుని ఉండేవాళ్లు.

మరునాడు కాలిన పడవ చూశాను. మంట పుట్టింది అడుగునని దాని మసి చూస్తేనే తెలిసిపోతోంది. "బీడీయే గదా మేస్త్రీ? వాడి జేబులో కట్ట ఎప్పుడూ ఉంటాది" అన్నాడు యజమాని. నేను తల ఊపాను. నోటితో ఏమీ అనలేదు కదా అని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. తరవాత ఆసుపత్రిలో నోటితోనే అన్నాను.

ఏకాంబరం రెండు చేతులకూ, ముఖంలో సగానికీ కట్లు ఉన్నాయి. నన్ను చూడగానే దగ్గరికి రమ్మన్నాడు.

"అందరూ బీడీ అంటా ఉండారు మేస్త్రీ. పడవెక్కినాక నేను బీడీ ముట్టను. ఆ పొద్దు ముట్టిచ్చినానా? ఎంత తలకాయ కొట్టుకున్నా గుర్తు రాలే. నువ్వు లెక్క తెలిసినోడివి, సెప్పు. బీడీ లేకుండా అంటుకుంటాదా?"

"అంటుకోదప్పా."

కట్లు కట్టిన చేతులు పైకెత్తి చూసుకున్నాడు.

"అయితే ముట్టిచ్చే ఉంటా."

అతని చేతులు కాల్చింది నా పొరపాటు. దాన్ని పొరపాటని చెప్పుకుని ఎలాగో బతకవచ్చునేమో. కానీ, తాను చేయని పని చేశానని ఒక మనిషి తనంతట తానే నమ్మేట్టు చేశాను. దానికి ఏ పేరు పెట్టాలి?

నేను తెలియక అన్నానని మీరు అనుకోవచ్చు. అలా అనుకోవద్దు. ఆ వారమే రెండో పడవ దగ్గరికి వెళ్లాను. ఊరికే ఒకసారి చూసిపోతానని చెప్పి, అడుగునున్న పంపు విప్పి పైన గోడకు బిగించాను, పైపులు మార్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు. పైగా యజమాని నాకు టీ తెప్పించాడు. మేస్త్రీకి పని మీద ఎంత శ్రద్ధ అని పక్కవాళ్లతో అన్నాడు. ఆ టీ తాగాను.

ఏకాంబరానికి మళ్లీ ఎవరూ పడవ ఇవ్వలేదు. వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. రేవు దగ్గర బండ్లు నిలిపేచోట చీట్లు చింపుతాడని విన్నాను. పడవల్లో కొత్తగా చేరేవాళ్లను పిలిచి, "నా మాదిరి బీడీ ముట్టిచ్చి సావొద్దండ్రా" అని తన చేతులు చూపిస్తాడట. ఈ సంగతి చెప్పినవాడు అతన్ని మెచ్చుకుంటూ చెప్పాడు.

ఈ మాట మొదట వినాల్సింది ఏకాంబరం. అతనికి చెప్పకుండా మీకు చెప్పడం కూడా నా పిరికితనమే. అది నాకు తెలుసు. రేపు తడ బస్సు ఎక్కుతానని మాట ఇవ్వను, మళ్లీ చూద్దాంలే అనుకునే మనిషినని మీకిప్పటికే తెలిసింది. క్షమించమని కూడా అడగను. ఇది రాసినందువల్ల అతని వేళ్లు ముడుచుకోవు. నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది, అందులో న్యాయం లేదు. అయినా ఒక సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

ఏకాంబరం ఆ పొద్దు బీడీ ముట్టించలేదు. తాళంచెవి తిప్పాడు, అంతే.