తెల్ల కాళ్లయి పెట్టలు, నల్ల కాళ్లయి పుంజులు!

ఇగో, ముందే చెప్తున్న, నవ్వొస్తే నవ్వుండ్రి గాని చాయ్ మీద పోసుకోకుండ్రి. మొన్న ఆదివారం మా ఇంట్ల పాస్టర్ గారు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నరు. అందరం తలలొంచుకొని కూసున్నం. గప్పుడే, నేను గ్యారంటీ పెట్ట అని చెప్పి ఇచ్చిన కోడి గంపలకెళ్లి మెడ బయటపెట్టి "కొక్కొరొకో" అన్నది! ఒక్కసారి అని ఊకుంటే బాగుండు. ఆగలే.

మొదటికెళ్లి చెప్త.

మీకు ఎర్కే గదా, నేను నాచారంల పెయింట్ కంపెనీల కలర్ మ్యాచింగ్ చేస్త. ఎవరన్న గోడ పెచ్చు తెచ్చి "మేడం, గిదే రంగు కావాలె" అంటే, కంప్యూటర్ కన్న ముందు నేను చెప్త, దాంట్ల ఎంత నలుపు పడాలె, ఎంత పసుపు పడాలె అని. గొప్ప కాదు, నిజం! ఇంటికొస్తే మిద్దె మీద కోళ్లు. అక్కడ గూడ రంగులే. ఒకదానికి ఈకల మీద చారలు, ఇంకోదానికి చుక్కలు, ఒకదానికి ఒక్కో ఈకకు బంగారు అంచు. వాటిని జూస్తే నాకు చీరల షాపుల కూసున్నట్టు ఉంటది.

"డ్యూటీల రంగులు, ఇంట్ల రంగులు. బోరు కొట్టదా శాంతీ?" అంటడు మా ఆయన ప్రభాకర్.

కొట్టదు! పైంగా నాకో పెద్ద ప్లాన్ ఉండె. కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకొని బయటికి రాంగనే, రంగు చూసి ఇది పెట్ట, ఇది పుంజు అని చెప్పాలె. మా కోళ్ల వాట్సాప్ గ్రూపుల అందరూ మూడు నెలలు ఆగి చూసెటోళ్లే. నేను ఆగ. నేను పుట్టిననాడే చెప్త!

దీనికోసం యూట్యూబ్ల ఒక ఇంగ్లిష్ వీడియో దొరికింది. ఒంటి నిండ నల్లవి తెల్లవి చారలుండి, కాళ్లు తెల్లగ ఉన్న పెట్ట కావాలె. ఈకలు, కాళ్లు అన్నీ నల్లగున్న పుంజు కావాలె. ఈ రెండిటినీ జత కడితే పుట్టే పిల్లల్ల ఆడయి ఒక రంగు, మగయి ఒక రంగు వస్తయి. గంతవరకు విన్న. ఇంతల కుక్కర్ విజిలొచ్చింది, పోయిన. మిగిలింది చూడనీకి ఏమున్నది? నేను ఇంటర్ల బైపీసీ. అమ్మ చీర ఎవరికి పోతది? బిడ్డకే గదా! చారలు అమ్మవి, చారలొచ్చినయన్నీ ఆడయి. నాన్న నలుపు కొడుకులకు. లాజిక్ ఫినిష్.

చారల పెట్ట నా తాననే ఉండె. నారపల్లి అవతల ఒక ఫామ్ల ఖతర్నాక్ కడక్‌నాథ్ పుంజు దొరికింది. కాళ్లు, ముక్కు, గోర్లు అన్నీ బొగ్గు. ఉప్పల్ దాక షేర్ ఆటోల ఒళ్లో పెట్టుకొనే తెచ్చిన. పక్కకు కూసున్నాయన "మేడం, ఇది కాలిందా?" అని అడిగిండు. మస్తు కోపమొచ్చింది.

మొత్తానికి పదకొండు పిల్లలు లేచినయి. అబ్బ, నేను చెప్పలేను ఆ సంతోషం! అన్నీ నల్లగనే ఉన్నయి గాని ఆరిటికి నెత్తి మీద తెల్ల చుక్క ఉన్నది. కొన్ని రోజులకు ఆ చుక్కలున్నయిటికి చారలు మొలిచినయి, కాళ్లు తెల్లగ దేలినయి. చుక్క లేనయిటికి నల్ల ఈకలు, నల్ల కాళ్లు. మధ్యరకం ఒక్కటి లేదు. గీత గీసినట్టు రెండు పార్టీలు! ఫోటోలు కొట్టి గ్రూపుల పెట్టిన: "తెల్ల కాళ్లయి పెట్టలు, నల్ల కాళ్లయి పుంజులు. డౌటుంటే అడగండి." దండం బొమ్మలే దండం బొమ్మలు.

ఇగ డిమాండ్ జూడాలె! మా చర్చిల సువర్ణక్క ఉప్పల్ల అపార్ట్‌మెంట్ల ఉంటది, మెత్తని మనిషి. "చెల్లే, బాల్కనీల పెంచుకుంట, రోజుకో గుడ్డొస్తే చాలు. పుంజు మాత్రం వద్దమ్మా, కింద ఓనర్ ముసలాయనకు సప్పుడంటే పడదు" అన్నది. "అక్కా, నేనిచ్చేది పెట్టనే. కాళ్లు జూడు!" అని చారల పిల్లను చేతిల పెట్టిన. మా మేనేజర్ మూర్తి గారు, గోదావరి దిక్కాయన, ఆయన రెండు తీసుకున్నరు. మిగిలిన చారలయి గూడ చుట్టాలకే పోయినయి. నల్లయి ఐదు నేనే ఉంచుకున్న. పుంజులు గదా, పైన కొత్త రూం కట్టుడయిపోతే థాంక్స్‌గివింగ్ ప్రేయర్ పెట్టి, బగారన్నంల నాటుకోడి కూర వండాలని.

నాలుగు నెలలు దాటినంక ఆఫీసుల మూర్తి గారు నా టేబుల్ తాన నిలబడ్డరు.

"ఏవమ్మా శాంతీ, నువ్విచ్చిన పెట్టలకి తురాయి ఇంత ఎర్రగా లేచిందేంటి? నాకెందుకో అవి పుంజుల్లా ఉన్నాయి."

"హెల్తీగ పెరుగుతున్నయి సార్."

"తోక కూడా వంపు తిరిగిందమ్మా."

"సార్, తోక కాదు, కాళ్లు చూడాలె. జెనెటిక్స్ సార్ ఇది!"

ఆయన నా ముఖం జూసి, "మా ఊళ్లో చంటిపిల్లలు కూడా చెప్తారమ్మా" అని గొణుక్కుంట పోయిండ్రు. పాపం, పాతకాలపోళ్లు అనుకున్న. అనుకున్ననా లేదా? అనుకున్న!

తర్వాత సువర్ణక్క ఫోన్. "చెల్లే, అది కూస్తున్నది."

"అక్కా, పెట్టలు గూడ అప్పుడప్పుడు కూస్తయి. తోడు లేక."

"పొద్దుగాల నాలుగింటికి కూస్తున్నదమ్మా. ఓనర్ వచ్చి, ఇల్లు ఖాళీ చేస్తవా, కోడిని ఖాళీ చేస్తవా అంటున్నడు."

నేను తగ్గుతనా? "ఇంకో పది రోజుల గుడ్డు పెడ్తది, అప్పుడు ఆయనకే ఆమ్లెట్ ఏసి ఇయ్యి" అన్న. ఆమె మంచిది కాబట్టి సరే అని ఫోన్ పెట్టేసింది.

ఇగ ఆదివారం వచ్చింది. చర్చి అయినంక ప్రేయర్, భోజనాలు. మూర్తి గారిని గూడ పిలిచిన. పొద్దుగాలనే మా మరిది రాజు కత్తి నూరుకొని మిద్దెక్కిండు. ఒక నల్లదాన్ని పట్టుకొని రెక్కలు కలిపి చంకల పెట్టుకున్నడు. మా ఆయన వేడినీళ్ల గిన్నె తెచ్చిండు. ఇంకోదాన్ని పట్టనీకి నేను గూట్ల చెయ్యి పెట్టిన.

వెచ్చగ, గుండ్రంగ ఏందో తగిలింది.

బయటికి తీసి చూసిన. గుడ్డు! ముద్దుగ, లేత గోధుమ రంగు, చిన్నది, మొదటి కాన్పు గుడ్డు. మా చారల పెట్ట వేరే గూట్ల ఉంటది. ఈ గూట్ల ఉన్నయి నా 'పుంజులు' ఐదే.

"వదినా, పుంజు గుడ్డు పెట్టిందే!" అన్నడు రాజు.

"కాకి తెచ్చి పడేసిందేమో" అన్న. నా నోటితోనే అన్న. జాలీ ఏసి ఉన్న గూట్లకు కాకి గుడ్డెట్ల తెస్తది?

మా ఆయన గిన్నె కింద పెట్టి, "శాంతీ, ఒక్కసారి ఆ వీడియో పూర్తిగ చూడు" అన్నడు. మెల్లగ అన్నడు. తిట్టినా బాగుండు.

నీళ్ల ట్యాంకు తాన నిలబడి ఫోన్ తీసిన. అప్పుడు కుక్కర్ విజిల్ కాడ ఆపిన గదా, సరిగ్గా దాని తర్వాతి మాటనే! మనుషుల్ల లెక్క కాదట. కోళ్లల్ల తల్లి చారలు కొడుకులకే పోతయట, బిడ్డలకు పోవట. కాళ్ల రంగు గూడ అంతే. అంటే ఏంది? కోళ్లింట్ల అమ్మ చీర కొడుకు కట్టుకొని తిరుగుతడు!

"రాజూ, ఆపు! కత్తి కింద పెట్టు! అది ఆడపిల్ల!" అని గట్టిగ అరిచిన. పక్క బిల్డింగోళ్లు బట్టలు ఆరేసుడు బంద్ జేసి చూసిన్రు. రాజు చంకలున్న కోడిని నేనే గుంజుకొని ఎదకు హత్తుకున్న. దాని గుండె టకటక కొట్టుకుంటున్నది. నాది గూడ. ఇంకో నిమిషమైతే నా చేతులతో పుట్టించుకున్న పెట్టను నేనే ముక్కలు కోయించి మసాలా పట్టించేదాన్ని. నిజంగ కండ్లల్ల నీళ్లొచ్చినయి. మా ఆయన బండి తీసి చికెన్ సెంటర్‌కు పోయిండు.

చర్చి అయినంక ఇంటికొచ్చేసరికి కింద గేటు తాన సువర్ణక్క, చేతిల గంప. "చెల్లే, ప్రేయర్‌కు వచ్చిన, దీన్ని గూడ తెచ్చిన. ఓనర్ ఇంక రానియ్యనన్నడు" అన్నది. ఏం చెప్పాలె? గంప మూలకు పెట్టి, ప్రేయర్ అయినంక చెప్పుదామనుకున్న. కానీ దానికి ఆగే ఓపిక లేదు! పాస్టర్ గారు "ఈ గృహములో సమాధానము..." అన్నరో లేదో, "కొక్కొరొకో!" "ఈ బిడ్డలకు జ్ఞానము..." అన్నరు, మళ్ల "కొక్కొరొకో!" జ్ఞానం తానికి రాంగ నేను తల ఇంకింత కిందికి ఒంచిన. పిల్లలు కిసకిస నవ్వుతున్నరు. పాస్టర్ గారు కండ్లు తెరవకుండనే "ఆమెన్" అని ముగించిన్రు.

భోజనాలకు కూసున్నంక అందరి ముందటే నిలబడి చెప్పేసిన. సువర్ణక్కకు, మూర్తి గారికి సారీ చెప్పిన. ఇచ్చిన పుంజులన్నీ నేనే వాపసు తీసుకుంట, తలా ఒక నల్ల పెట్ట ఇస్త అన్న. మూర్తి గారు ముక్క కొరుక్కుంట, "పర్లేదమ్మా, నా రెండూ నా దగ్గరే ఉండనీ. మంచి పుంజులు. అంత చక్కటి చారలు మా వైపు కూడా చూళ్లేదు" అన్నరు. ఆ మాటతోని నాకు మళ్ల ప్రాణం లేచొచ్చింది.

ఎందుకు రాదు? ఆలోచించుండ్రి! పదకొండు పిల్లలు. ఆడ, మగ అని అన్నిటికీ చిన్నగున్నప్పుడే చెప్పిన. పదకొండిటికి పదకొండూ తప్పు! గుడ్డిగ చెప్పెటోళ్లకు సగమన్న తప్పుతయి, సగమన్న తగుల్తయి. నావి ఒక్కటి గూడ అటిటు కాలే. జత కట్టుడు కరెక్టు, రంగులు కరెక్టు, బోర్డులే ఉల్టా పెట్టిన. గ్రూపుల గిదే రాసిన, దాచలే. ఈసారి దండాలతోని పాటు నవ్వు బొమ్మలు గూడ వచ్చినయి.

నిన్న సువర్ణక్క నల్ల పెట్ట కోసం ఇంటికొచ్చింది. అదే జతకు కొత్తగ లేచిన పిల్లలు గూడ ఉన్నయి, అవి చూసి చిన్నదాన్నే పెంచుకుంట అన్నది. నేను వీడియో మూడుసార్లు చూసి ఉన్న, మూర్తి గారిని గూడ అడిగి ఉన్న. చుక్క లేని నల్ల కాళ్ల పిల్లను ఆమె చేతిల పెట్టి, "అక్కా, ఈసారి పక్కా. ఇది పెట్ట" అన్న.

అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది, మెల్లగ గూట్లనే వదిలేసింది.

"ఏమనుకోకు చెల్లే," అన్నది, "నువ్వు పుంజు అంటవ్ చూడు, గదే ఇయ్యి."

ఎంత మొత్తుకున్నా ఇనలే. తెల్ల చుక్కదాన్ని కొంగుల చుట్టుకొని, నవ్వుకుంట ఉప్పల్ బస్సెక్కింది!