గనిలో పిట్ట

గోదావరిఖనిలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లిషు చెబుతూ, బొగ్గు విషయంలోనే నేను బిక్కమొహం వేశాను. ‘బొగ్గుగనిలో కెనరీ’ అని ఇంగ్లిషులో ఒక జాతీయం ఉంది. పూర్వం పరదేశాల్లో కెనరీ పిట్టను పంజరంలో పెట్టి గనిలోకి తీసుకెళ్లేవారు. విషవాయువు ఉంటే మనిషికంటే ముందు అది సొమ్మసిల్లేది. అందుకని ముప్పును ముందే తెలిపే చిన్న గుర్తును అలా అంటారు. ఇంతవరకు బాగానే చెప్పాను.

“మన బాయిల గూడ పిట్టలుండెనా, మేడం?” అని వెనక బెంచీ అడిగింది. ఇక్కడ గనిని బాయి అంటారు. బాయి కార్మికుడి బిడ్డనై ఉండి నాకు తెలియదు. దీపం కిందే చీకటి.

ముప్పై ఏళ్లు బాయిలో దిగి రిటైరైన బాపు మా దగ్గరే ఉంటాడు. సాయంత్రం అడిగితే నవ్వాడు.

“పిట్టలు మాకెక్కడియి బిడ్డా? గ్యాసు సూడనీకి మా పని సూసే సర్దారు దీపం పట్టుకపోతుండె. మంట తీరు మారితే గ్యాసున్నట్టు. పైన కప్పు కూలే సంగతి కట్టె చెప్తుండె. కప్పు కింద నిలబెట్టిన కట్టె చిటచిటమంటే, పార ఆడ్నే పడేసి ఉరుకుడే.”

“తర్వాత ఇనుపయి వచ్చినయి గద, బాపు?”

“ఇనుము గట్టిదే. అయితేంది, చెప్పకుంట వంగుతది. గందుకే ఇనుము పక్కపొంటి ఒక కట్టె గూడ నిలబెట్టుకుంటుంటిమి.”

మర్నాడు పిల్లలకు అదంతా చెప్పి, తలా ఒక వాక్యం రాయమన్నాను. చాలామంది వానకు ముందు మబ్బు అని రాశారు. కొట్టేశాను. మబ్బు ఎవరికి కనపడదు? కెనరీ అంటే మనం పట్టించుకోని చిన్న సంగతై ఉండాలి. ఒక పిల్ల మాత్రం, తన తాత దుకాణానికి పోతూ దారిలో రెండుసార్లు కూర్చుంటున్నాడని, అదే తమ ఇంటి కెనరీ అని రాసింది. భేష్ అని రాసి సంతకం పెట్టాను.

ఇంటికొచ్చేసరికి బాపు, కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని, గేటు దగ్గర రాయి మీద కూర్చున్నాడు. నెలల తరబడి రోజూ అక్కడే కూర్చుంటున్నాడు. ముచ్చట్ల కోసమనుకుని, చాయ్ చల్లారుతోందని నేను కసిరేదాన్ని. ఆ రోజు దగ్గరికి వెళ్లి చూస్తే ముచ్చటకు ఎవరూ లేరు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

“దమ్ము వస్తున్నదని ఒక్కమాట చెప్పొద్దా, బాపు?”

ఊపిరి కూడదీసుకుని అన్నాడు. “కట్టె చిటచిటమంటనే ఉండె, బిడ్డా. నువ్వే చాయ్ సల్లారుతున్నదంటివి.”