ఖాళీగా రాని పడవ

మా ఆఫీసులో అతన్ని అందరూ అన్నదాత అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. మేము తయారుచేసే కంప్యూటర్ ఆటలో పాతకాలపు రాజ్యాలు ఉంటాయి. ఊరు కట్టాలి, జనాన్ని పెంచాలి, సైన్యాన్ని పోగేసి పక్కవాడి మీద పడాలి. ఇదంతా జరగాలంటే ముందు తిండి కావాలి. ఏ పనికి ఎంత తిండి రావాలో నిర్ణయించడమే అతని ఉద్యోగం. పొలం దున్నేవాడికి నిమిషానికి ఇరవై, అడవిపళ్లు ఏరేవాడికి పద్దెనిమిది, జింకను వేటాడేవాడికి ఇరవై నాలుగు. నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాడు.

ఆ జింకను గీసేది నేను. అతని పక్క కుర్చీ నాది.

అన్నదాత గురించి ఇంకొకటి చెప్పాలి. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం అతని డబ్బాలో గంజి తప్ప ఇంకేమీ ఉండదు. మూత తీసి, ఉప్పు వేసుకుని, మా అన్నాల వంక జాలిగా చూస్తూ తాగుతాడు. "వారానికి రెండు రోజులు కడుపుకి విశ్రాంతి ఇవ్వాలి. మా అమ్మ చిన్నప్పట్నుంచీ అలవాటు చేసింది. అందుకే నాకు ఇంతవరకూ జ్వరం రాలేదు" అంటాడు. నాలుగేళ్లలో ఈ మాట నాలుగొందల సార్లు విన్నాను. అతనికి జ్వరం రావాలని రెండు మూడుసార్లు మనస్ఫూర్తిగా కోరుకున్నాను కూడా.

గొడవ చేపల పడవతో వచ్చింది. పడవకి అతను నిమిషానికి నలభై ఇచ్చాడు. ఆట బయటికి వెళ్లిన వారానికే ఆడేవాళ్లకు సంగతి తెలిసిపోయింది. పొలాలు పెట్టడం మానేసి అందరూ ఒడ్డుకి చేరి పడవలు కట్టుకున్నారు. నీళ్ల పక్కన చోటు దొరకనివాడు ఆట మధ్యలోనే లేచిపోయేవాడు. పడవ లెక్క తగ్గించమని మేనేజర్ చెప్పాడు. అన్నదాత అది తగ్గించకుండా మిగతావన్నీ పెంచాడు.

ముందు పొలం పెంచాడు. తర్వాత పళ్లు పెంచి, పొదకి రెట్టింపు పళ్లు గీయమన్నాడు. గీశాను. ఆ తర్వాత జింక మాంసం పెంచాడు. మాంసం పెరిగింది కాబట్టి జింక కూడా లావుగా కనిపించాలన్నాడు. నాది సన్నకాళ్ల జింక. దాని మెడ వంపు కుదరడానికే నాకు మూడు వారాలు పట్టింది. అలాంటిది చివరికి గేదెలా తయారైంది. ఈ విషయంలో అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

దీంతో రాజ్యాలన్నిట్లో తిండి పొంగిపొర్లింది. జనం పుట్టగొడుగుల్లా పెరిగారు. పదిహేను నిమిషాలకల్లా తెర మీద ఎంత సైన్యం పోగయ్యేదంటే, ఆ బరువు మోయలేక కంప్యూటర్లు ఆగిపోయేవి. యుద్ధానికి బయల్దేరిన ఏనుగు ఒక కాలు ఎత్తి అలాగే ఉండిపోయేది.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజర్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. అన్నదాత గంజి తాగుతున్నాడు.

"సోమవారానికల్లా పడవ లెక్క సర్దు. లేదంటే పడవలు మొత్తం తీసేస్తాను. సముద్రం చూడ్డానికి ఉంటుంది, అంతే" అన్నాడు మేనేజర్.

"ఆ లెక్క తప్పు కాదు సార్. మా నాన్న ముప్ఫై ఏళ్లు చేపలు పట్టాడు. ఒక్కరోజు కూడా ఖాళీగా రాలేదు. నాకు బాగా తెలుసు."

"మీ నాన్న మన ఆట ఆడట్లేదుగా" అనేసి మేనేజర్ వెళ్లిపోయాడు.

నిజానికి ఆడుతున్నాడు. పెద్దాయన మోకాళ్లు అరిగి పడవ వదిలేశాక, ఆరేళ్లుగా కొడుకు దగ్గరే ఉంటున్నాడు. ఆటలో ఉన్నది ఆయన పడవే. తెరచాప ఎడమ మూల నీలంగుడ్డ అతుకుతో సహా, కొడుకు చెబుతుంటే నేనే గీశాను. ఆయన రోజూ ఆట పెట్టించుకుని, యుద్ధాల జోలికి పోకుండా, ఆ పడవ వెళ్లడం రావడం చూస్తూ కూర్చుంటాడట. మూడో అంతస్తులో ఆయనకు ఉన్న కాలక్షేపం అదొక్కటే. పడవలు తీసేస్తే తండ్రికి ఏమని చెప్పాలో అన్నదాతకు తెలియలేదు. ఆ రోజు గంజి సగం మిగిల్చాడు. మొదటిసారి అతన్ని చూస్తే నాకు నిజంగా జాలేసింది.

ఆదివారం నన్ను వాళ్లింటికి రమ్మన్నాడు. తండ్రి చేత సాక్ష్యం చెప్పించి, ఫోనులో రికార్డు చేసి, మేనేజర్‌కి వినిపిస్తాడట. "మధ్యలో నేనెందుకు?" అన్నాను. "నేనొక్కణ్నే అయితే చెప్పమని నేర్పాడంటారు. పక్కన ఇంకో మనిషి ఉండాలి" అన్నాడు.

వెళ్లేసరికి ముందుగదిలో కంప్యూటర్ ముందు పెద్దాయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉన్నాడు. వదిన, అంటే అన్నదాత భార్య, టీ తెచ్చి ఇచ్చింది.

"పడవ ఎలా ఉంది బాబాయ్ గారూ?" అన్నాను.

"అచ్చు నాదేనమ్మా. అతుకు కూడా సరిగ్గా అక్కడే వేశావు." ఒక గుక్క టీ తాగి ఆగాడు. "కానీ ఇదేం పడవమ్మా?"

"ఏం, బొమ్మ బాలేదా?"

"బొమ్మకేం, బంగారంలా ఉంది. ఎప్పుడెళ్లినా నిండుగానే వస్తుంది, అదీ సంగతి. ఒక్కసారైనా ఖాళీగా వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాలేదు."

అన్నదాత ఫోను పట్టుకుని ముందుకు వంగాడు. "నువ్వూ అలాగే కదా నాన్నా వచ్చింది?"

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. రోజూ సాయంత్రం ఖాళీ బుట్ట తెచ్చి, అన్నీ ఒడ్డునే అమ్ముడుపోయాయిరా అనేవాడివి."

"అమ్ముడుపోయినా బుట్ట ఖాళీయే, పడకపోయినా బుట్ట ఖాళీయే" అన్నాడు పెద్దాయన, తెర మీంచి చూపు తిప్పకుండా. "వారానికి రెండు రోజులు ఏమీ పడేవి కావురా. నీకు చెబితే ఏం చేస్తావు? కూర్చుని ఏడుస్తావు."

అన్నదాత చేతిలో ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

"మరి ఆ రెండు రోజులు ఏం తిన్నాం?"

"గంజి. ఒంటికి మంచిదని చెప్పి పోసేది మీ అమ్మ."

వంటగది గుమ్మంలో వదిన అలాగే నిలబడిపోయింది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో మంగళవారం, శుక్రవారం గంజి కాస్తున్నది ఆవిడే. పెద్దాయన మాత్రం ఆ రెండు రోజులూ, "నాకు ఆరోగ్యం అక్కర్లేదమ్మా, అన్నం పెట్టు" అనేవాడు. ఆవిడ అది వయసు తెచ్చిన మొండితనం అనుకుంది.

"ఒక్క మాట ముందే చెప్పొచ్చుగా మావయ్యా?"

"వాడంత ఇష్టంగా తాగుతుంటే ఎలా చెప్పనమ్మా?" అన్నాడు ఆయన.

అన్నదాత లేచి బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాడు. దాచుకోలేదు. ఆ కాసేపూ మేము ముగ్గురం పడవనే చూస్తూ కూర్చున్నాం. తర్వాత అతను మొహం కడుక్కుని వచ్చి, తండ్రి పక్కకి కుర్చీ లాక్కుని, కాగితం తీశాడు. "ఏడు రోజుల్లో రెండు. వరుసగా రెండు రోజులు పడకపోవడం ఉండేదా నాన్నా?" పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఉద్యోగంతో వచ్చింది కూడా అంతే.

సోమవారం పొద్దున్న లెక్క మార్చాడు. ఏడుసార్లు వెళ్తే రెండుసార్లు పడవ ఖాళీగా వస్తుంది. నలభై కాస్తా సగటున ఇరవై ఎనిమిది చిల్లరకి దిగింది. పడవ కట్టడానికి కలప కూడా పోవాలి కాబట్టి, స్థిమితంగా ఉండాలనుకున్నవాడు పొలానికి, తెగించినవాడు నీళ్లకి పోవడం మొదలైంది. పొలం, పళ్లు, మాంసం పాత లెక్కకి వచ్చాయి. జింకను మళ్లీ సన్నగా చేయమన్నాడు. పాత బొమ్మ నేను దాచే ఉంచాను. మేనేజర్ పది ఆటలు ఆడి చూసి, "ఉండనీ" అన్నాడు. పడవలు మిగిలాయి.

మంగళవారానికి ఆడేవాళ్ల నుంచి తిట్లు మొదలయ్యాయి. వాటికి జవాబులు రాసే విభాగం వేరే ఉంది, అన్నదాత వాటి జోలికి పోడు. ఆ మధ్యాహ్నం ఎందుకో ఒకటి తెరిచి, చదివి, డబ్బా మూత తీశాడు. లోపల గంజే ఉంది. ఇక మానేస్తాడనుకున్నాను. జ్వరం సంగతి ఎత్తకుండా, ఎవరి వంకా చూడకుండా, చివరి చుక్క దాకా తాగాడు. ఆ తర్వాత కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"పడవ ఖాళీగా వస్తే నా జనం ఏం తినాలి?" అని అడిగాడు ఆ ఆడేవాడెవడో.

"గంజి పోయండి" అని కొట్టాడు అన్నదాత. "ఒంటికి మంచిదని చెప్పండి."