తాత నోట మిగిలిన తిట్టు

ఇంగువ డబ్బా మూత తీస్తే చాలు, శామీర్‌పేట మిరుగు నా వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. మృగశిర కార్తె మొదలయ్యే ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపిన ఉండలు మాచేత మింగించేవారు. తొలకరికి లేచిన మట్టివాసన, తాత చెరువు నుంచి తెచ్చిన కొర్రమీనుల నీచు, మామిడికాయ ముక్కలేసి అమ్మ కాచే పులుసు ఘుమఘుమ, గచ్చకాయలాట వదిలేసి మాటిమాటికీ పొయ్యి దగ్గరికి పరుగెత్తే నేను, అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. ఊరంతా చేపలకు ఎగబడే ఆ పూట కూడా తాత ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. బేరమాడి విసిగించేవాళ్లను సైతం "గట్లనే తీస్కపో తల్లీ" అని పంపేవాడు. అంత మెత్తని మనిషి.

తొంభైలలో ఒక మిరుగు నాడే, వల ఆరేస్తూ కూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పట్నం దవాఖానలో పక్షవాతమని చెప్పి, పది రోజులుంచుకుని పంపారు. ఎవరో చెప్పారని పావురం నెత్తురు కూడా రుద్దాం, పాపం ఆ పావురాలేం చేశాయి! మాట మాత్రం రాలేదు. వచ్చిందల్లా పుట్టి బుద్ధెరిగి ఆయన నోట మేం వినని తిట్టు ఒక్కటే: "బాడ్కావ్!"

నీళ్లిస్తే బాడ్కావ్, దుప్పటి కప్పితే బాడ్కావ్. నాకు నవ్వాగేది కాదు. తాతకు ఒక్కగానొక్క కొడుకైన మా బాపుకు మాత్రం అది గుండెల్లో గుచ్చుకుంది. తను వల వదిలేసి జీడిమెట్లలో కంపెనీ పనికి పోయిననాడు తాత పల్లెత్తు మాట అనలేదు.

"గిన్నేండ్లు కడుపుల వెట్టుకున్నడు, ఇగ కక్కుతాండు," అన్నాడు అమ్మతో.

"పెద్దమనిషి పరేషాన్ల ఉన్నడు, గట్లెందుకనుకుంటవ్?" అంది అమ్మ.

వింటేగా! బాపు మొండితనం అంతా ఇంతా కాదు. తాత గదిలోకి పోవడమే మానేశాడు. అన్నం అమ్మ తినిపించేది, మందులు నేనిచ్చేదాన్ని. సాయంత్రం బాపు సైకిల్ చప్పుడు వినబడితే తాత గుమ్మం వైపు చూస్తూ ఉండేవాడు.

అట్లా ఎనిమిది నెలలు. తాతకు దగ్గు ముదిరితే మేడ్చల్‌లో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకుపోయాం. ఎత్తి దించాలి గనుక బాపు రాక తప్పలేదు. ఆమె ఛాతీ చూసి ఊరుకోక, తాత వేలు పట్టుకుని "ఒకటి..." అని మొదలుపెట్టింది. తాత పది దాకా గడగడా చెప్పేశాడు! మేం నోళ్లు తెరిచాం.

"మీ కొడుకు పేరేంది, పెద్దాయనా?"

తాత పెదవులు కొట్టుకున్నాయి, నుదుట చెమట పట్టింది. చివరికి "బాడ్కావ్" అన్నాడు, కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఎడమ చేయి చాచి బాపు చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

"ఆయన తిడ్తలేడయ్యా," అంది డాక్టరమ్మ. "మెదడుల ఎడమ దిక్కు, ముందటి భాగం దెబ్బతిన్నది. మాటలు కూర్చేది ఆడనే. అంకెలు, తిట్లు, దండాలసొంటియి అలవాటు మీద వాటంతటవే వస్తయి. మీరు చెప్పేది మాత్రం ఆయనకు మంచిగ సమజైతది."

మర్నాటి నుంచి తాతకు అన్నం తినిపించడం బాపు పనైంది. "ఏందే నాయినా, చేప మంచిగున్నదా?" "బాడ్కావ్!" "ఇంకో ముక్కెయ్యాల్నా?" ఇద్దరూ నవ్వేవారు, గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అట్లా రెండేళ్లు బతికాడు తాత.

ఇప్పుడా చెరువు ఒడ్డున హోటళ్లు, కార్లు. వల అల్లడం వచ్చినవాళ్లు మా వాడలో ఒక్కరూ మిగల్లేదు. బాపుకు డెబ్బై దాటాయి. మొన్నొక ఆదివారం టీ తాగుతూ తాగుతూ ఆగిపోయి అన్నాడు:

"మా నాయినకు అన్నీ సమజైనయి గద బిడ్డా. నేను ఇంట్ల ఉండుకుంట లోపటికి రాలేదని గూడ సమజైంది గదా."